ధర్మాసుపత్రిలో పడక ఎవరి చేతిలో ఉంటుంది?

క్లుప్తంగా

ప్రభుత్వాసుపత్రులను ప్రైవేటుపరం చేస్తున్నారన్న ఒక్క మాట కింద అరడజను వేర్వేరు ఏర్పాట్లు దాగి ఉన్నాయి. చాలావాటిలో భూమి, భవనం సర్కారు పేరు మీదే ఉంటాయి. ఏ రోగికి ఏ పడక, ఏ ధరకు అని తేల్చే అధికారం మాత్రం చేతులు మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పది వైద్య కళాశాలల మీద సాగుతున్న రగడ అర్థం కావాలంటే పక్కనే ఉన్న కర్ణాటకను చూస్తే మేలు. రాయచూరులో కార్పొరేట్ సంస్థ, గుంబళ్లిలో స్వచ్ఛంద సంస్థ, బెంగళూరు జయదేవ గుండె ఆసుపత్రిలో స్వయంప్రతిపత్తి గల సర్కారు సంస్థ ఆసుపత్రులను నడిపాయి. ఒకే రాష్ట్రంలో మూడూ మూడు రకాల ఫలితాలిచ్చాయి.

విక్టోరియా కౌంటరు దగ్గర

బెంగళూరు సిటీ మార్కెట్ పక్కన విక్టోరియా ఆసుపత్రి ఓపీ కౌంటరు ముందు ఏ సోమవారం పొద్దున నిలబడినా కన్నడంతో పాటు తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. బాగేపల్లి, చింతామణి, పావగడ బస్సులు దిగినవాళ్లు, హిందూపురం నుంచి రైల్లో వచ్చినవాళ్లు, మదనపల్లె నుంచి అర్ధరాత్రి బయల్దేరినవాళ్లు అదే వరుసలో ఉంటారు.

“కార్డు తెచ్చినావా అవ్వా?” అని కౌంటరులోని అబ్బాయి కన్నడ యాస తెలుగులో అడుగుతాడు. “తెచ్చినా నాయనా” అంటూ కొంగు ముడి విప్పి ఆమె ఇచ్చేది ఆంధ్ర బియ్యం కార్డు. “ఇది ఈడ నడవదవ్వా, ఆధార్ ఉంటే ఇయ్యి.” చీటీకి ఇరవై రూపాయలు. 2024 నవంబరు దాకా అది పది రూపాయలే. ఇన్‌పేషెంటుగా చేరే రుసుము కూడా అప్పుడే ఇరవై అయిదు నుంచి యాభైకి పెరిగింది. పెరిగింది కొద్ది రూపాయలే అయినా కర్ణాటకలో దాని మీద పెద్ద రాజకీయ దుమారం లేచింది. సర్కారు దవాఖానాలో ధర ఎంతన్నది చిన్న విషయమే కావచ్చు, ధర ఉండాలా అన్నది మాత్రం పెద్ద విషయం.

ఈ ఆసుపత్రికి పునాది పడింది 1897లో, విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా. 1900లో లార్డ్ కర్జన్ ప్రారంభించాడు. అప్పట్లో ఇలాంటి చోటుని తెలుగువాళ్లు ‘ధర్మాసుపత్రి’ అన్నారు. రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్ల నోట ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రైవేటీకరణ చర్చలోని తికమక సగం ఆ మాటలోనే ఉంది. ధర్మం చేసేవాడు ఎవరైనా కావచ్చు. రాజు, మిషనరీ, మఠం, కంపెనీ ఎవరు చేసినా ధర్మమే. హక్కు అన్నప్పుడు మాత్రం దాన్ని అడగడానికి ఒక ప్రభుత్వం ఉండాలి. వైట్‌ఫీల్డ్‌లో 2001లో మొదలైన సత్యసాయి ఆసుపత్రి ప్రభుత్వానిది కాదు, అయినా అక్కడ గుండె ఆపరేషనుకు బిల్లు లేదు. కాబట్టి యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన రోగి జేబు సంగతి తెలిసిపోదు.

ఒకే మాట, ఎన్నో పనులు

‘ప్రైవేటీకరణ’ అనగానే గుర్తొచ్చేది అమ్మకం. ఆస్తి విలువ కట్టి, వేలం వేసి, డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చెయ్యడం. మన దేశంలో ప్రభుత్వాసుపత్రులను అలా అమ్మడం దాదాపు లేదు. జరిగేవి వేరు.

అన్నిటికంటే మామూలుది పొరుగు సేవల పద్ధతి. ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు, వంట, ఉతుకుడు, తర్వాత స్కానింగ్, ల్యాబు, డయాలసిస్ ఒక్కొక్కటిగా కాంట్రాక్టుకు వెళ్లాయి. ఇది ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఎవరూ ప్రైవేటీకరణ అనడం లేదు. రెండోది నిర్వహణ కాంట్రాక్టు. ఆసుపత్రి సర్కారుదే, నడిపేది మాత్రం ఒక సంస్థ. మూడోది దీర్ఘకాలిక లీజు. భూమి సర్కారుది, కట్టేదీ నడిపేదీ ప్రైవేటు, ముప్పై మూడేళ్లకో అరవై ఏళ్లకో తిరిగి సర్కారుకు రావాలి. పీపీపీ (ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం) అని పత్రికల్లో వస్తున్నది ఎక్కువగా ఇదే.

నాలుగోది బీమా. ఇది చప్పుడు చెయ్యదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఏ ఆసుపత్రి గేటు మీదా బోర్డు మారలేదు. కానీ సర్కారు ఖజానా నుంచి పెద్ద మొత్తంలో డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు ప్రవహించడం మొదలైంది. రోగి కోణంలో అది వరం. గుండె కవాటం మార్పిడి చేయించుకోవడం కలలో మాటగా ఉన్న రైతుకు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. వ్యవస్థ కోణంలో చూస్తే, అదే డబ్బుతో జిల్లా ఆసుపత్రిలో రావాల్సిన క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలను పరీక్షించి స్టెంటు వేసే గది) రాలేదు. రెండూ నిజమే. ఈ పథకం మీద ఏకపక్షంగా మాట్లాడేవాళ్లు ఈ రెండిట్లో ఏదో ఒకదాన్ని దాటవేస్తారు.

కర్ణాటక ఇందులో కొంచెం తెలివైన తాళం పెట్టుకుంది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకంలో రోగి ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఆ చికిత్స లేకపోతేనే రాసిచ్చే చీటీతో ప్రైవేటుకు వెళ్లొచ్చు. అత్యవసరాలకు మినహాయింపు ఉంది. డబ్బు బయటికి పోయే ముందు సర్కారు తలుపు తట్టాలన్నమాట. రోగికి ఇది అదనపు తిరుగుడు, సర్కారు ఆసుపత్రికి ప్రాణవాయువు.

ఆంధ్రలో జరుగుతున్నదేమిటి

గత ప్రభుత్వం పదిహేడు కొత్త వైద్య కళాశాలలు, వాటికి బోధనాసుపత్రులు తలపెట్టింది. మొత్తం అంచనా సుమారు 8,500 కోట్ల రూపాయలు. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు 2023లో తరగతులు మొదలుపెట్టాయి. 2024లో ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది కళాశాలలను పీపీపీ పద్ధతిలో పూర్తి చెయ్యాలని తీర్మానించింది. మొదటి విడత ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. తర్వాతి జాబితాలో పెనుకొండ, పాలకొల్లు, అమలాపురం, నర్సీపట్నం, బాపట్ల, పార్వతీపురం ఉన్నాయి. ప్రతిపక్షం దీన్ని ప్రైవేటీకరణ అంటూ కోటి సంతకాల ఉద్యమం నడిపి, డిసెంబరులో గవర్నరుకు అందజేసింది.

ప్రభుత్వం చెబుతున్న దాని ప్రకారం ఇది అమ్మకం కాదు. లీజు ముప్పై మూడేళ్లు, మరో ముప్పై మూడేళ్లు పొడిగించే వీలు. ఓపీ ఉచితం. 70 శాతం పడకలు ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) కింద, మిగిలిన 30 శాతం డబ్బు చెల్లించేవాళ్లకు. సగం సీట్లు కన్వీనర్ కోటాలో. ఖజానా నుంచి కట్టుకుంటూ పోతే ఎన్నో ఏళ్లు పడుతుందని, పీపీపీ అయితే త్వరగా అయిపోతుందని వాదన.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకు ఇది ఎక్కడో జరుగుతున్న రాజకీయం కాదు. మదనపల్లె ఇక్కడికి నూట ఇరవై కిలోమీటర్లు. పెనుకొండ బెంగళూరు–హైదరాబాదు హైవే మీదే ఉంది. ఆ ఊళ్లలో ఐసీయూ పనిచేస్తే జయదేవలో, విక్టోరియాలో, కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో వరుస కొంత తగ్గుతుంది. పనిచేయకపోతే అంబులెన్సులు ఇటే వస్తాయి. కోరమంగలలోనో మారతహళ్లిలోనో ఉద్యోగం చేసే కొడుక్కి ఊరి నుంచి ఫోన్ వచ్చేది కూడా అప్పుడే. 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని బెంగళూరు, చెన్నై, హైదరాబాదులకు విస్తరించి 716 రకాల సూపర్ స్పెషాలిటీ చికిత్సలను చేర్చడమే ఈ వలసకు సర్కారు వేసిన ముద్ర.

కన్నడ నేల మీదా ఇదే వాదన ఉంది. విజయపురలో పీపీపీ వైద్య కళాశాల వద్దంటూ 2025లో నెలల తరబడి నిరసనలు సాగాయి. అక్కడి నినాదాలను తెలుగులోకి మారిస్తే ఆదోనిలో వినిపించినవే వస్తాయి. పార్టీలు మాత్రం తారుమారు. ఒక రాష్ట్రంలో పీపీపీని తిట్టేవాళ్లు ఇంకో రాష్ట్రంలో దాన్ని తెస్తుంటారు కాబట్టి, వాదన బలాన్ని జెండా రంగుతో కొలవడం కుదరదు.

పెట్టుబడిదారుకు కావాల్సిందేమిటి

సర్కారు ఆసుపత్రిలో ఉచిత పడకలు నడిపి లాభం ఎలా వస్తుంది? ఈ చర్చలో అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు తక్కువ.

జవాబు వైద్య విద్య నిబంధనల్లో ఉంది. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 100 ఎంబీబీఎస్ సీట్ల కళాశాలకు 420 పడకల బోధనాసుపత్రి, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి. పడకలు ఉంటే చాలదు, వాటిలో రోగులుండాలి. కొత్త ప్రైవేటు కళాశాలకు అన్నిటికంటే కష్టమైన పని అదే. కట్టడం డబ్బుతో అవుతుంది, అధ్యాపకులను జీతంతో తెచ్చుకోవచ్చు. ఊరి బయట కట్టిన కొత్త ఆసుపత్రికి రోజూ వందలాది రోగులు రావడం మాత్రం కొన్నేళ్ల నమ్మకంతో తప్ప జరగదు. తనిఖీ రోజున ఊళ్ల నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి పడుకోబెట్టారన్న కథలు ఈ రంగంలో కొత్త కాదు.

జిల్లా ఆసుపత్రిలో రోగులకు కొదవ లేదు. పొద్దున ఏడింటికే వరుస. అంటే ఒప్పందంలో ప్రైవేటు సంస్థకు దక్కే అసలైన ఆస్తి ఎకరాల్లో లేదు, ఆ వరుసలో ఉంది. ఎకరాకు లీజు ఎంత పెట్టారన్న దాని మీద పత్రికలు నిండిపోతాయి. ఆ వరుస విలువ ఎంతో లెక్క కట్టిన వ్యాసం కనబడటం అరుదు. యాజమాన్య కోటా సీట్ల రుసుములు లాభాన్ని తెస్తాయి. రోగులు ఆ సీట్లకు అర్హత తెస్తారు. ఉచిత వైద్యం ఖర్చు కాస్తా బోధన వ్యాపారానికి ముడిసరుకు ఖర్చుగా మారుతుంది.

నీతి ఆయోగ్ 2020లో తెచ్చిన నమూనా ఈ తర్కం మీదే నడిచింది. జిల్లా ఆసుపత్రిని ప్రైవేటు వైద్య కళాశాలకు జతచేసి, అరవై ఏళ్లకు అప్పగించి, కనీసం 750 పడకలకు పెంచాలి. వాటిలో దాదాపు సగం ‘మార్కెట్ పడకలు’ (మార్కెట్ ధర కట్టేవాళ్లకు), మిగిలినవి ‘నియంత్రిత పడకలు’ (ఉచితంగానో తక్కువ ధరకో ఇచ్చేవి). ఆ పేర్లు పెట్టినవాళ్ల నిజాయితీని మెచ్చుకోవాలి. అంతకు ముందు 2017లో ఇదే సంస్థ జిల్లా ఆసుపత్రుల్లో గుండె, క్యాన్సర్, ఊపిరితిత్తుల విభాగాలను ముప్పై ఏళ్ల లీజుకు ఇచ్చే నమూనా తెచ్చింది. లాభసాటి జబ్బుల జాబితా కూడా సర్కారే తయారుచేసి ఇచ్చినట్టయింది.

ఇందులో అన్యాయమే ఉందని చెప్పడానికి వీల్లేదు. అధ్యాపకులుంటే ఆసుపత్రిలో నిపుణులున్నట్టే, హౌస్ సర్జన్లుంటే రాత్రిపూట వార్డులో మనిషి ఉన్నట్టే. వైద్య కళాశాలతో కలిసిన జిల్లా ఆసుపత్రి మామూలు జిల్లా ఆసుపత్రి కంటే మెరుగ్గా ఉండటం చాలా చోట్ల కనిపించేదే. ప్రశ్న ఆ మెరుగుదల ఎవరి షరతుల మీద వస్తుందన్నదే.

రాయచూరు పదేళ్లు

ఈ దిశగా కర్ణాటక చాలా ముందే ఒక ప్రయోగం చేసింది. అది జరిగింది తెలుగు ధారాళంగా వినిపించే రాయచూరులో. చమురు ఎగుమతి చేసే ఓపెక్ దేశాల నిధి సాయంతో అక్కడ 350 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టారు. జనం ఇప్పటికీ దాన్ని ఓపెక్ ఆసుపత్రి అనే పిలుస్తారు. కట్టడం అయింది కానీ, నిపుణులను అక్కడికి రప్పించి నడపడం సర్కారు వల్ల కాలేదు. 2002లో నిర్వహణ అపోలో చేతికి వెళ్లింది, పదేళ్ల తర్వాత 2012లో తిరిగొచ్చింది.

ఆ ఒప్పందంలో డబ్బు నడిచిన తీరు ఇప్పుడు చదివితే చాలా విషయాలు అర్థమవుతాయి. మొదటి మూడేళ్ల నష్టాలు ప్రభుత్వమే భర్తీ చెయ్యాలి. నాలుగో ఏడాది నుంచి నికర లాభం వస్తే అందులో 30 శాతం నిర్వాహకుడికి. లాభం రాకపోతే? అప్పుడూ మొత్తం బిల్లుల్లో 3 శాతం మించకుండా సేవా రుసుము. నష్టం వచ్చే ప్రమాదం సర్కారుది, వచ్చినా రాకపోయినా కొంత ఆదాయం నిర్వాహకుడిది. పెట్టుబడి పెట్టనివాడు ప్రమాదాన్నీ నెత్తిన వేసుకోకపోతే, ప్రైవేటును పిలిచి సర్కారు కొన్నది పేరు, నిర్వహణ నైపుణ్యం మాత్రమే. రాయచూరులో ఆ నైపుణ్యానికి విలువ లేకపోలేదు. గుండె, మెదడు ఆపరేషన్ల కోసం హైదరాబాదు బండెక్కాల్సిన జిల్లాకు అది తేడా చూపింది. నిర్వాహకుడు వెళ్లిపోయాక నిపుణులను నిలుపుకోవడం మళ్లీ మొదటికొచ్చింది. పదేళ్లలో సర్కారు తనంతట తాను నడపడం నేర్చుకోలేదు, నేర్పాలని ఒప్పందంలోనూ లేదు.

గుంబళ్లి కథ వేరు. చామరాజనగర జిల్లా యళందూరు తాలూకాలోని ఈ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని డాక్టర్ సుదర్శన్ స్థాపించిన కరుణా ట్రస్టు 1996లో నిర్వహణకు తీసుకుంది. లాభం ఊసు లేదు, సూపర్ స్పెషాలిటీ లేదు, మార్కెట్ పడకలు లేవు. ప్రసవాలు, టీకాలు, మందులు, రాత్రి పూట తెరిచి ఉండే తలుపు. నమూనాగా పేరొచ్చి తర్వాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. ప్రైవేటు వాళ్ల చేతికిస్తే బాగుపడుతుందనడానికి దీన్ని ఉదాహరణగా చూపిస్తారు కానీ, అక్కడ పనిచేసింది లాభాపేక్ష లేకపోవడం, తలనెరిసిన ఒక డాక్టరు పట్టుదల. రెంటినీ టెండరు పిలిచి తెచ్చుకోలేం.

ఉడుపిలో ఇంకో పాఠం దొరికింది. గల్ఫ్‌లో ఆసుపత్రుల వ్యాపారం చేసిన ఒక పారిశ్రామికవేత్త సంస్థ అక్కడి ప్రభుత్వ స్త్రీశిశు ఆసుపత్రిని కొత్తగా కట్టి, ఉచితంగా నడపడానికి ముందుకొచ్చింది. 2020లో గల్ఫ్ వ్యాపారం కుప్పకూలింది. జీతాలు ఆగాయి, సిబ్బంది రోడ్డెక్కారు, చివరికి ఆసుపత్రి భారం సర్కారు మీదే పడింది. ప్రసవానికి వచ్చిన మనిషిని అబుదాబిలో కంపెనీ దివాలా తీసిందని వెనక్కి పంపలేరు కదా. ముప్పై మూడేళ్ల లీజు రాసుకునేటప్పుడు ముప్పై మూడేళ్లు ఆ కంపెనీ బతికి ఉంటుందా అన్నది కూడా లెక్కలోకి రావాలి.

జయదేవ: మూడో దారి

ప్రైవేటా, ప్రభుత్వమా అన్న రెండు గీతల మధ్య బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. విక్టోరియా ఆవరణలో మొదలై, ఇప్పుడు బన్నేరుఘట్ట రోడ్డు మీద ఉన్న జయదేవ హృద్రోగ సంస్థ. ఆస్తి సర్కారుది, పాలకమండలి సర్కారుది, కానీ కొనుగోళ్లు, నియామకాలు, రుసుముల విషయంలో చాలామటుకు సొంత నిర్ణయాలు. 2006 నుంచి 2024 దాకా డైరెక్టరుగా ఉన్న డాక్టర్ సి.ఎన్. మంజునాథ్ కాలంలో ‘ముందు చికిత్స, తర్వాత డబ్బు’ అన్నది దాని పద్ధతిగా పేరుపడింది. ఆయన 2024లో బెంగళూరు గ్రామీణ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఓటర్లు ఆసుపత్రిని గుర్తుపెట్టుకున్నారని అనుకోవచ్చు.

జయదేవ ఉచితం కాదు. డబ్బున్నవాళ్లు కడతారు, మార్కెట్ కంటే తక్కువ కడతారు. కార్డున్నవాళ్లకు పథకం కడుతుంది, ఏదీ లేనివాళ్లకు దాతల నిధి ఉంటుంది. పక్కనే ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 2021లో 350 పడకల భవనం కట్టిచ్చింది. ఆ పడకల్లో తమకు వాటా అడగలేదు. ప్రైవేటు డబ్బు సర్కారు ఆసుపత్రిలోకి రావడానికి లీజు ఒక్కటే దారి కాదనడానికి ఇది కళ్లెదుట ఉన్న సాక్ష్యం.

జయదేవ పద్ధతిని అన్నిచోట్లా పెట్టెయ్యొచ్చా? ఇక్కడ కొంచెం ఆగాలి. గుండె జబ్బులకు ప్యాకేజీ ధరలు స్పష్టంగా ఉంటాయి. స్టెంటు వేస్తే ఎంత, బైపాస్ చేస్తే ఎంత అన్నది పథకాల జాబితాలో ఉంటుంది, డబ్బు వస్తుంది. పురుగుమందు తాగి వచ్చిన రోగి సంగతి అలా కాదు. పది రోజులు వెంటిలేటర్ మీద ఉంటాడో ఇరవై రోజులుంటాడో తెలీదు. పాము కాటు, ఒళ్లు కాలిన కేసు, పోలీసులు తెచ్చిన అనామక రోగి, టీబీ, శవపరీక్ష – ఇవన్నీ విక్టోరియా లాంటి చోటికే వస్తాయి. వీటిలో ఆదాయం లేదు, ఆపితే ఊరు ఊరుకోదు. స్వయంప్రతిపత్తి అయినా, లీజు అయినా, లాభసాటి విభాగాలు విడిపోయి వెళ్లిపోతే మిగిలిన ఆసుపత్రి మరింత పేదదవుతుంది. తర్వాత దాన్ని చూపించి సర్కారు నడపలేదని అనడం తేలిక.

ఉచిత పడక కాగితం మీద

పీపీపీ ఒప్పందాల్లో ఉచిత పడకల శాతం ఎప్పుడూ బోల్డు అక్షరాల్లో ఉంటుంది. దాన్ని అమలు చేయించడం ఎంత కష్టమో ఢిల్లీ ఇంద్రప్రస్థ అపోలో చూపింది. ప్రభుత్వం పదిహేను ఎకరాలు నామమాత్రపు అద్దెకు ఇచ్చింది, 26 శాతం వాటా కూడా తీసుకుంది. బదులుగా మూడో వంతు పడకలు, ఓపీలో 40 శాతం పేదలకు ఉచితం. ఈ షరతు పాటించలేదని 2009లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. 2025 మార్చిలో కూడా సుప్రీంకోర్టు అదే షరతు గురించి అడుగుతూ, పాటించకపోతే ఆసుపత్రిని ఎయిమ్స్‌కు అప్పగించమంటామని హెచ్చరించింది. ప్రభుత్వమే వాటాదారు, దేశ రాజధాని, కోర్టులు కూతవేటు దూరం. అక్కడే ఇన్నేళ్లు పడితే, పార్వతీపురంలో ఉచిత పడక దొరకని గిరిజనుడు ఏ కోర్టుకు వెళ్లాలి?

షరతు పాటించారో లేదో చూడాలంటే రోజువారీ సమాచారం కావాలి. ఏ పడక ఖాళీగా ఉంది, ఎంతమందిని పై ఆసుపత్రికి రాసి పంపారు, ఎందుకు పంపారు. ‘ఉచిత పడకలు నిండిపోయాయి’ అన్న ఒక్క వాక్యం చాలు, రోగి అంబులెన్సులో మళ్లీ బెంగళూరు దారి పడతాడు. ఆ వాక్యం నిజమో కాదో ఆ క్షణంలో చెప్పగలిగేది ఆసుపత్రే.

అలాగని సర్కారు చేతిలో ఉంటే పడక దొరికి తీరుతుందనుకోవడం కూడా భ్రమే. అత్యవసర వైద్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు పుట్టింది రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీ వల్ల. కలకత్తాలో అతన్ని పడకలు లేవంటూ ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పిపంపినవి ప్రభుత్వాసుపత్రులే. చివరికి వైద్యం దొరికింది ప్రైవేటులో, సొంత డబ్బుతో.

డబ్బు లెక్క

‘సర్కారు దగ్గర డబ్బు లేదు’ అన్నది పీపీపీకి మొదటి సమర్థన. ఇందులో సగం నిజం. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో అది 1.84 శాతం, అదీ కోవిడ్ ఖర్చు కలిసిన ఏడాది. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టే వాటా మాత్రం 2013–14లో 64.2 శాతం ఉండగా 39.4 శాతానికి దిగింది.

మిగతా సగం తేడాగా ఉంది. 2020లో సవరించిన వయబిలిటీ గ్యాప్ పథకం (గిట్టుబాటు కాని పీపీపీలకు సర్కారు లోటు పూడ్చేది) ప్రకారం ఆరోగ్య రంగ పీపీపీల్లో కొన్నిటికి కేంద్రం, రాష్ట్రం కలిపి కట్టుబడి ఖర్చులో 80 శాతం దాకా, మొదటి అయిదేళ్ల నిర్వహణ ఖర్చులో 50 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ పైన పడకకు వైద్యసేవ లాంటి పథకం ప్యాకేజీ డబ్బు. ఇన్ని దారుల్లో సర్కారు డబ్బు వెళ్లే చోట ‘సర్కారు దగ్గర డబ్బు లేదు కాబట్టి ప్రైవేటు’ అనే వాదన నిలబడదు. వేగం కోసం అంటే ఒప్పుకోవచ్చు. నియామకాల్లో, కొనుగోళ్లలో సర్కారు నత్తనడక ఎవరికీ తెలియంది కాదు. చెడిపోయిన స్కానింగ్ యంత్రం విడిభాగానికి ఫైలు నడిచేలోపు రోగులు వీధి ఎదురుగా ఉన్న సెంటరుకు వెళ్లిపోతారు.

రోగి పక్క నుంచి లెక్క 2017–18 జాతీయ నమూనా సర్వేలో ఉంది. ప్రసవాలు మినహా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే వైద్య ఖర్చు సగటున ప్రభుత్వాసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఏడు రెట్లు. ఉచితం అన్నచోటా నాలుగు వేలు ఎందుకవుతున్నాయంటే బయటికి రాసే మందులు, పరీక్షలు. ఈ నాలుగు వేలను సున్నాకు తేవడం, ముప్పై వేలను పథకంతో భర్తీ చెయ్యడం – ఈ రెండిట్లో ఏది చవక అన్నదే అసలు ఆర్థిక ప్రశ్న. పథకంతో భర్తీ చేసినా డబ్బు సమయానికి ఇవ్వకపోతే ఏమవుతుందో 2025 అక్టోబరులో తెలిసింది. బకాయిలు చెల్లించాలంటూ ఆంధ్రలో నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవను ఆపేశాయి. రేపు పీపీపీ ఆసుపత్రిలో 70 శాతం పడకలు అదే పథకం మీద ఆధారపడితే, బకాయి పడిన నెలలో ఆ పడకల గతి ఏమిటో ఒప్పందమే చెప్పాలి.

బయటి దేశాల్లో

స్పెయిన్‌లో వాలెన్సియా ప్రాంతం 1999లో అల్జీరా ఆసుపత్రిని ప్రైవేటు సంస్థకిచ్చింది. డబ్బు రోగికి ఇంత అని కాకుండా ఆ ప్రాంతంలో నివసించే మనిషికి ఏటా ఇంత అని. జబ్బు తగ్గితేనే లాభం. ఊహ బాగుంది, దేశదేశాల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. 2018లో అక్కడి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆఫ్రికాలో లెసోతో 2011లో తెరిచిన పీపీపీ ఆసుపత్రి చికిత్స నాణ్యత పెంచింది, అదే సమయంలో ఆ చిన్న దేశపు ఆరోగ్య బడ్జెట్‌లో మోయలేని వాటా తినేసింది. 2021లో ఒప్పందం రద్దయింది. రెండు చోట్లా తిరిగి తీసుకోవడం సాధ్యమైంది, ఖర్చుతో, గొడవలతో. మన దగ్గర లీజు మధ్యలో తెంచాలంటే పరిహారం ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్న పేజీ సాధారణంగా ఒప్పందం చివర్లో ఉంటుంది. చర్చ అక్కడిదాకా రాదు.

ఇక్కడి వరుస మీద ప్రభావం

సరిహద్దుకు అవతల ఈ పది కళాశాలలు ఏ పద్ధతిలో వచ్చినా బెంగళూరు మీద దాని ఛాయ పడుతుంది. మదనపల్లె, పెనుకొండల్లో బోధనాసుపత్రి నిలదొక్కుకుంటే ప్రసవాలు, ఎముకలు, మామూలు ఆపరేషన్లు అక్కడే ఆగుతాయి. ఇది త్వరగా కనిపించే లాభం, యజమాని ఎవరైనా వస్తుంది. ఆదాయం లేని కేసుల విషయంలో తేడా తెలుస్తుంది. లీజు ఆసుపత్రికి పురుగుమందు కేసును పైకి రాసి పంపే స్వేచ్ఛ ఉంటే, ఆ పై అంటే అనంతపురమో తిరుపతో కాకుండా తరచూ విక్టోరియానే అవుతుంది. ఆంధ్ర ఖజానా మిగుల్చుకున్న ఖర్చు కర్ణాటక ఖజానా మీద పడుతుంది. పక్క రాష్ట్రాల రోగుల భారం గురించి బెంగళూరు ఆసుపత్రుల గొణుగుడు ఇప్పటికే వినిపించేదే, అప్పుడది గొంతు పెంచుతుంది. కార్డు ఇక్కడ నడవదవ్వా అన్న మాట కౌంటరు అబ్బాయి నుంచే కాక కర్ణాటక ప్రభుత్వం కొలువుండే విధాన సౌధ నుంచి కూడా రావచ్చు.

అందుకే ఒప్పంద పత్రం బయటపెట్టాక చదవాల్సింది లీజు ఏళ్ల సంఖ్యను కాదు. రెఫరల్‌కు సంబంధించిన నిబంధన ఏముంది? పైకి పంపిన ప్రతి కేసుకు కారణం రాయాలా, దాన్ని ఎవరు చూస్తారు, ఎక్కువైతే జరిమానా ఉందా? పథకం బకాయి పడితే ఉచిత పడక తెరిచే ఉంటుందా? కాలిన కేసుల వార్డు, శవాగారం, టీబీ విభాగం జాబితాలో ఉన్నాయా? మదనపల్లెకు ఆనుకుని ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ రోగుల కోసం శానిటోరియం వెలిసింది. దాన్ని కట్టిన మిషన్లది ధర్మం. ఇప్పుడు ఆ పక్కనే వస్తున్న కళాశాల ఆసుపత్రికి టీబీ రోగి వస్తే చేర్చుకోవడం తప్పనిసరా, ఇష్టమా అన్నది ఆ పత్రంలో ఒక వాక్యంగా ఉండాలి.